మొహమాటం లేని పన్నెండు మంది

ప్లే స్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచి యాప్ పెట్టాలనుకునేవాళ్లకు గూగుల్ ఒక షరతు విధించింది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు ఎంచుకున్న కొందరితో క్లోజ్డ్ టెస్టింగ్ జరిపి తీరాలి. మొదట 20 మంది టెస్టర్లు కావాలన్నారు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. ఆ 12 మందీ వరసగా 14 రోజులు టెస్టులో కొనసాగాలి.

ఈ నిబంధన చదవగానే చాలామంది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు తెరుస్తారు. "అందరూ ఈ లింకు నొక్కి ఇన్‌స్టాల్ చేసుకోండి, ప్లీజ్" అని పెడతారు. బావమరిది, పిన్ని కూతురు, హాస్టల్లో రూమ్మేటు, ఆఫీసులో పక్క సీటాయన. సాయంత్రానికల్లా లెక్క నిండుతుంది. రెండు వారాల తర్వాత యాప్ బయటికొస్తుంది. దాన్ని నిజంగా వాడాల్సిన మనిషి మాత్రం అప్పటికి ఒక్కరూ దాన్ని చూసి ఉండరు.

గూగుల్‌కు ఈ సంగతి తెలియక కాదు. విడుదలకు దరఖాస్తు పెట్టేటప్పుడు టెస్టర్లను ఎలా సమకూర్చుకున్నారు, వాళ్లు యాప్‌ను ఎలా వాడారు, ఏం చెప్పారు, దాన్నిబట్టి మీరేం మార్చారు అని అడుగుతుంది. "నా యాప్ నువ్వు పెట్టుకో, నీది నేను పెట్టుకుంటా" అనే ఇచ్చిపుచ్చుకునే బృందాలు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి. వాటిలో తలలు దొరుకుతాయి, ఈ ప్రశ్నలకు జవాబులు దొరకవు. గూగుల్‌ను ఎలా ఒప్పించాలన్నది నాకు రెండో విషయం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచినది మొదటిది: పరీక్షలో మీకు ఎంత నిజం తెలుస్తుందన్నది పరీక్ష రోజున కాక, మనుషుల్ని ఎంచుకున్న రోజునే చాలావరకు తేలిపోతుంది.

మనవాళ్లతో వచ్చే చిక్కు

మనవాళ్లు అబద్ధాలకోరులు కారు. మీ మీద ప్రేమ ఉంది, మీరు ఆరు నెలలుగా రాత్రిళ్లు కూర్చోవడం చూశారు, మీ మొహం చిన్నబోవడం వాళ్లకు ఇష్టం ఉండదు. కాబట్టి "బాగుందిరా, కలర్స్ బాగున్నాయి" అంటారు. యాప్ గురించి ఎవరైనా మొదట రంగుల్ని మెచ్చుకుంటే, దాన్ని వాళ్లు వాడలేదని అర్థం చేసుకోవచ్చు.

రాబ్ ఫిట్జ్‌పాట్రిక్ 2013లో 'ది మామ్ టెస్ట్' అని ఒక చిన్న పుస్తకం రాశాడు. మన ఆలోచన ఎలా ఉందని అడిగితే అమ్మ కూడా ముద్దుకు అబద్ధం చెబుతుంది, కాబట్టి ఆలోచన ఊసెత్తకుండా ఎదుటివాళ్ల జీవితం గురించి, ఇప్పటికే జరిగినదాని గురించి అడగమంటాడు. సలహా బంగారం. అయితే మన దగ్గర ఈ జబ్బు అమ్మతో ఆగదు. గుమ్మంలోకి వచ్చి వినయంగా అడిగిన కొత్త మనిషికి కూడా "బాగాలేదు" అని చెప్పలేని సమాజం మనది. అడిగినవాడు మంచినీళ్లు తాగి కూర్చున్నాడంటే ఇక అతను అతిథే. అందుకే మనకు రెండు పనులు పడతాయి: మనతో మొహమాటం లేని మనిషిని వెతకడం, ఆ మనిషికి కొత్తగా మొహమాటం కలగకుండా చూసుకోవడం.

బంధుమిత్రులు దేనికీ పనికిరారని అనను. ఇన్‌స్టాల్ అవుతోందా, తెరవగానే మూసుకుపోతోందా, ఓటీపీ వస్తోందా లాంటివి చూడటానికి వాళ్లే మేలు. ప్లే స్టోర్‌లో దీనికి ఇంటర్నల్ టెస్టింగ్ అని వేరే వరస ఉంది, 100 మంది దాకా చేర్చుకోవచ్చు. ఈ వరసలోనివాళ్లు పై 12 మంది లెక్కలోకి రారు. అందుకే బావమరిదిని ఇక్కడ పెట్టండి.

ఎవరు కావాలో ముందు రాసుకోండి

ఒక యాప్ అనుకుందాం. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడవాళ్లకోసం: ఎవరి కొలతలేమిటి, ఎవరికి ఏ తేదీకి ఇవ్వాలి, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎంత బాకీ ఉంది. దీనికి టెస్టర్లు ఎవరు? "25 నుంచి 45 ఏళ్ల మహిళలు, చిన్న పట్టణాలు, స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు" అని రాస్తే ఒక జిల్లా మొత్తం వస్తుంది. వయసు, ఊరు, చదువు పక్కన పెట్టి, చేసే పనిని రాయండి: గత నెలలో బయటివాళ్ల జాకెట్లు డబ్బు తీసుకుని కుట్టి, ఆ లెక్కలు తనే చూసుకున్న మనిషి. ఇంతే. ఈ ఒక్క వాక్యానికి సరిపోని వాళ్లు ఎంత ఉత్సాహంగా ముందుకొచ్చినా వద్దు.

ఎందుకింత పట్టుదల? యాప్ చేసినవాళ్లు మంచి బుద్ధితో కొలతల పేజీ పెట్టి ఉంటారు. ఛాతీ, నడుము, షోల్డర్, చెయ్యి పొడవు, మెడ లోతు, అన్నిటికీ అంగుళాల గళ్లు. మీ స్నేహితురాలికి ఇస్తే చక్కగా అంకెలు నింపుతుంది, "స్మూత్‌గా ఉంది" అంటుంది. నిజంగా కుట్టే మనిషి ఆ పేజీ దగ్గరే ఆగిపోతుంది. ఆమె దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది కొలతలివ్వరు, ఆది జాకెట్టు ఇచ్చి వెళతారు. ఆది చూసి, "చేతులు అరంగుళం పెంచు, వెనక మెడ కాస్త దించు" అన్నది గుర్తుపెట్టుకుని ఆమె కత్తిరిస్తుంది. ఆమెకు కావలసినవి అంగుళాలు కావు. ఏ ఆది ఎవరిది, జాకెట్టు ముక్కతో పాటు లైనింగు ఇచ్చారా, చీరకు ఫాల్, పీకో కూడా చెప్పారా, తేదీ ఎప్పుడు. అంటే ఆ పేజీలో ఉండాల్సింది ఫొటో తీసుకునే బటను, పక్కన రెండు మాటలు చెప్పి రికార్డు చేసుకునే వీలు. ఈ ఒక్క సంగతి తెలియడానికి పదిమంది ఇంజినీర్లు సరిపోరు, ఒక కుట్టుపని మనిషి చాలు.

ఒకే పనిలో కూడా రకాలుంటాయి. ఇంట్లో ఒంటరిగా కుట్టే ఆవిడ లోకం వేరు. బజారులో దుకాణం పెట్టి, కత్తిరించడం మాస్టారు చూసుకుంటే కుట్టేవాళ్లు ఇంకో ముగ్గురున్నచోట లోకం వేరు. మగ్గం వర్క్ చేసేవాళ్లది మరో లోకం. మొదటి విడతలో ఒక్క రకాన్నే పట్టుకోండి.

వడపోత ప్రశ్నలు

ఒక మనిషి దొరికాక, సరైనవారో కాదో తేల్చుకోవడానికి ఫోన్‌లో ఐదు నిమిషాల మాటలు చాలు. ఇక్కడే ఎక్కువమంది జారుతారు. "మీరు టైలరింగ్ చేస్తారా? లెక్కలు చూసుకోవడం కష్టంగా ఉందా? దానికో యాప్ ఉంటే వాడతారా?" మూడింటికీ జవాబు "ఆఁ, అవునండీ". ఈ ప్రశ్నల్లోనే సరైన జవాబు తొంగిచూస్తోంది. పైగా డబ్బులిస్తామన్న మాట ముందే చెవినపడి ఉంటే ఎవరైనా అవుననే అంటారు.

జవాబు ముందే ఊహించలేని ప్రశ్నలు అడగాలి. ఈ వారం ఏమేం కుట్టారు? ఇప్పుడు మీ దగ్గర ఎంతమంది బట్టలున్నాయి? ఎవరిది ఏ రోజుకివ్వాలో ఎలా గుర్తుపెట్టుకుంటారు? చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయింది చివరిసారి ఎప్పుడు, అప్పుడు ఏమైంది? నిజంగా కుట్టేవాళ్లు ఈ చివరి ప్రశ్నకు కథ చెబుతారు. పెళ్లికూతురి జాకెట్టు, కరెంటు పోవడం, అర్ధరాత్రి హుక్కులు కుట్టడం, పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ. పుస్తకంలో రాసుకుంటారా, బట్టకు చీటీ గుచ్చుతారా, గోడ క్యాలెండరు మీద రాస్తారా అన్నదీ ఇక్కడే బయటపడుతుంది. ఇప్పటికే ఏదో ఒక ఏర్పాటు చేసుకున్నవాళ్లంటే నాకు ఎక్కువ ఇష్టం. ఆ ఇబ్బంది వాళ్లకు అంతగా ఉంది కాబట్టే ఆ ఏర్పాటు.

ఫోన్ గురించి కూడా అంతే. "స్మార్ట్‌ఫోన్ ఉందా" అని అడిగితే ఉందంటారు. అది ఎవరి ఫోను, పగలంతా ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. పగలు భర్త తీసుకెళ్లే ఫోను, సాయంత్రం పిల్లలు పట్టుకునే ఫోను అయితే మీ రిమైండర్లు ఎవరికి మోగుతాయి? దీన్ని చూసి ఆ మనిషిని తప్పించమని కాదు. మీ యాప్ వాడబోయేవాళ్లలో అలాంటివాళ్లు ఉంటారనుకుంటే ఒకరిద్దరిని కావాలనే తీసుకోండి.

ఎవరిని వద్దనాలో కూడా చెబుతాను. సాఫ్ట్‌వేర్ పనిచేసేవాళ్లు, ఇంట్లో అలాంటివాళ్లు పక్కనే కూర్చుని చెప్పిపెట్టేవాళ్లు, డబ్బుకోసం నెలకో యాప్ పరీక్షించే అలవాటున్నవాళ్లు, మీకు ఏదో ఒక విధంగా రుణపడినవాళ్లు. ఇంకో హెచ్చరిక: గలగలా మాట్లాడేవాళ్లనే ఎంచుకోవాలని మనసు లాగుతుంది. నోట్సు నిండుతుంది మరి. నెమ్మదస్తుల్ని వదిలేస్తే, స్క్రీన్ అర్థంకాక కిక్కురుమనకుండా యాప్ తీసేసేవాళ్లంతా మీ కంటపడకుండా పోతారు.

ఎక్కడ దొరుకుతారు

వాళ్లు డబ్బు ఖర్చుపెట్టే చోట దొరుకుతారు. జాకెట్లు కుట్టే ప్రతి మనిషీ వారానికి ఒకసారైనా మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లక తప్పదు: లైనింగు, దారం, హుక్కులు, ఫాల్స్. ఆ కౌంటరు వెనక ఉన్నాయనకు ఊళ్లో ఎవరెంత కుడతారో తెలుసు. మిషను మెకానిక్‌కు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఎవరి మిషను ఎంత అరిగిందో చూసేది అతనే. వీళ్లను పేర్లు అడిగే ముందు మీరేం చేస్తున్నారో చెప్పండి. నంబర్లు వాళ్లే ఇచ్చేయకుండా, ముందు ఆ మనిషిని అడిగి ఇమ్మనండి. కుట్టు శిక్షణ కేంద్రాలు, మహిళా సంఘాల సమావేశాలు తర్వాతి మెట్టు. అక్కడ ఒక చిక్కుంది: సంఘం లీడరు పిలిస్తే పదిమంది వస్తారు, కానీ లీడరు ఎదుట ఒక్కరూ తప్పు చెప్పరు. పేర్లు అక్కడ తీసుకుని, మాటలు ఎవరింట్లో వాళ్లతో మాట్లాడండి.

ఒకరి ద్వారా ఇంకొకర్ని పట్టుకోవడం సులువు. ఒక్కొక్కరి దగ్గర ఒక్క పేరే తీసుకోవడం నా పద్ధతి. నాలుగు పేర్లు తీసుకుంటే ఒకే వీధి, ఒకే టీచరు దగ్గర నేర్చుకున్నవాళ్లు, ఒకే అలవాట్లు.

కాలం కూడా చూసుకోవాలి. పెళ్లిళ్ల మాసాల్లో, దసరాకు ముందు, సంక్రాంతికి ముందు ఒక టైలరును ముప్పావు గంట అడగడం అన్యాయం. ఆషాఢం మొదట్లో అడిగితే తీరిగ్గా మాట్లాడతారు, శ్రావణం దగ్గరపడితే మళ్లీ ఊపిరాడదు. అయితే తీరిక వేళ వాడి చూసిన యాప్ రద్దీలో నిలబడుతుందో లేదో తెలియదు. కూర్చుని చూసేది ఆషాఢంలో, 14 రోజుల వాడకం శ్రావణంలో పెట్టుకోగలిగితే అంతకన్నా ఏం కావాలి? రోజులో అయితే భోజనాలయ్యాక, పిల్లలు బడినుంచి వచ్చేలోపు మంచి వేళ.

మీ యాప్ ఇంకొకటైతే చోటు మారుతుంది, సూత్రం మారదు. డీఎస్సీ అభ్యర్థులైతే అవనిగడ్డ, గ్రూప్స్‌కు చదివేవాళ్లయితే హైదరాబాద్ అశోక్‌నగర్, సాఫ్ట్‌వేర్ కోర్సులవాళ్లయితే అమీర్‌పేట. మిర్చి రైతులైతే గుంటూరు యార్డు, కానీ సరుకు అమ్ముడుపోకముందు వాళ్లను కదిలించకండి. అమెరికాలో పిల్లలకు తెలుగు నేర్పే యాప్ అయితే అక్కడి వారాంతపు తెలుగు బడుల గేటు దగ్గర తల్లిదండ్రులు దొరుకుతారు. ఆన్‌లైన్ ప్రకటనలు వేస్తే మనుషులు వేగంగా వస్తారన్నది నిజమే, అయితే వాళ్లలో గిఫ్ట్ కార్డు కోసం వచ్చేవాళ్లను ఏరడానికి మిగిలిన వేగమంతా పోతుంది.

ఎలా అడగాలి

కొత్త నంబరు నుంచి మెసేజీ వస్తే ఈ రోజుల్లో ఎవరికైనా భయమే. చలానా పేరుతోనో పథకం పేరుతోనో ఏపీకే ఫైలు పంపి ఖాతా ఖాళీ చేసే మోసాల గురించి పోలీసులు పదే పదే హెచ్చరిస్తున్నారు. కాబట్టి మీ యాప్‌ను ఎప్పుడూ ఏపీకే ఫైలుగా వాట్సాప్‌లో పంపకండి, ఎంత తొందరున్నా సరే. ప్లే స్టోర్ లింకే పంపండి. మెసేజీ ఇలా ఉండొచ్చు:

"నమస్తే అక్కా. మ్యాచింగ్ సెంటర్ వాళ్లు మిమ్మల్ని అడిగి మీ నంబరు ఇచ్చారు. కుట్టుపని లెక్కల కోసం ఫోన్‌లో ఒక యాప్ తయారు చేస్తున్నాం, ఇంకా పూర్తికాలేదు. ఎక్కడ తికమకగా ఉందో మాకు తెలియాలి. బుధ, గురువారాల్లో మీకు వీలైన మధ్యాహ్నం మీ మిషను దగ్గరే ముప్పావు గంట కూర్చుని చూస్తాం. నాతో పాటు మా ఆఫీసు అమ్మాయి వస్తుంది. మీరు కొనాల్సిందేమీ లేదు. ఓటీపీ, బ్యాంకు వివరాలు అడగం. యాప్ నచ్చినా నచ్చకపోయినా మీ టైముకు 500 రూపాయలు ఇస్తాం. వద్దనుకుంటే 'వద్దు' అని పెట్టండి చాలు, మళ్లీ ఇబ్బంది పెట్టం."

ఇందులో ప్రతి మాటకూ పనుంది. నంబరు ఎక్కడిదో చెప్పాం. పూర్తికాలేదన్నాం, తప్పు చెప్పడానికి దారి తెరిచాం. 'ఎలా ఉందో చెప్పండి' అనకుండా 'ఎక్కడ తికమకగా ఉందో' అన్నాం, అంటే తికమక ఉంటుందని ముందే ఒప్పుకున్నాం. ఒంటరిగా ఉండే ఆడమనిషి ఇంటికి ఇద్దరు మగవాళ్లు వెళ్లి కూర్చోవడం లేదని తెలిసింది. వద్దనడానికి ఒక్క మాట చాలన్నాం. ఈ చివరిది పెడితే వచ్చేవాళ్లు తగ్గుతారని కొందరంటారు. తగ్గనివ్వండి. కాదనలేక ఒప్పుకున్న మనిషి ఆ రోజు ఫోన్ ఎత్తదు.

ముందురోజు సాయంత్రం ఒకసారి గుర్తుచేయండి. ఐదుగురు కావాలంటే ఆరుగురికి చెప్పి ఉంచండి. ఇంకో చిన్న విషయం, సగం టెస్టులు దీనివల్లే మొదటిరోజు ఆగుతాయనిపిస్తుంది: ఆమె చెప్పిన జీమెయిల్ ఒకటి, ఫోన్‌లో ప్లే స్టోర్ నడుస్తున్న జీమెయిల్ ఇంకొకటి. చాలా ఫోన్లలో ఆ ఖాతా ఫోన్ అమ్మిన షాపువాళ్లో కొడుకో తెరిచింది అయివుంటుంది. లింకు నొక్కితే యాప్ కనిపించదు. ప్లే స్టోర్ తెరిచి కుడివైపు పైన ఉన్న బొమ్మ నొక్కి, అక్కడ కనిపించే చిరునామాను స్క్రీన్‌షాట్ తీసి పంపమంటే ఈ గొడవ ఉండదు.

ఎంతమంది

యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసం ఒకటి ఈ రంగంలో అందరి నోళ్లలో నానింది: ఐదుగురు చాలు. దాని వెనక లెక్క 1993లో ఆయన, టామ్ లాండవర్ కలిసి వేసినది. వాళ్లు చూసిన ప్రాజెక్టుల్లో సగటున ఒక్కో మనిషి దగ్గర 31 శాతం లోపాలు బయటపడ్డాయి. తర్వాతి మనిషి కొన్ని పాతవి, కొన్ని కొత్తవి చూపిస్తాడు. ఐదో మనిషి వచ్చేసరికి 85 శాతం దాకా తేలిపోతాయి. డబ్బుంటే 15 మందిని ఒకేసారి కూర్చోబెట్టవద్దు, ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ ఐదుగురు, మళ్లీ ఐదుగురు అన్నది ఆయన అసలు సలహా. చాలామంది 'ఐదు' దగ్గరే చదవడం ఆపేస్తారు. పైగా ఆ ఐదుగురూ ఒకే రకం వాళ్లయి ఉండాలి. ఇంటి టైలర్లు ముగ్గురు, దుకాణం మాస్టార్లు ఇద్దరు కలిస్తే ఐదు అవదు.

అదే రంగంలో పుస్తకాలు రాసిన స్టీవ్ క్రుగ్ ఇంకా తగ్గించాడు. నెలకొక పూట, ముగ్గురు మనుషులు చాలంటాడు. ఎంపికలో మరీ చాదస్తం వద్దని కూడా అంటాడు. అందరూ వాడే సైటుకైతే ఆ మాట నాకూ సమ్మతమే. ఒక వృత్తికోసం చేసిన యాప్‌కు మాత్రం ఒప్పుకోలేను. ఆది జాకెట్టు సంగతి కుట్టని మనిషి ఎలా చెబుతుంది?

ఈ ఐదుకూ, గూగుల్ అడిగే 12కూ పోలిక పెట్టకండి. పక్కన కూర్చుని చూసేది పెళ్లిచూపులు, 14 రోజులది కాపురం. మొదటిదాంట్లో బటను ఎక్కడ కనిపించలేదో తెలుస్తుంది. రెండోదాంట్లో నాలుగో రోజు నుంచి ఎందుకు తెరవడం మానేశారో తెలుస్తుంది. రెండూ కావాలి, ఆ వరసలోనే. 12 కావాలంటే 18 మందిని చేర్చుకోండి, ఎందుకంటే మధ్యలో ఎవరైనా టెస్టు నుంచి తప్పుకుని సంఖ్య 12కన్నా తగ్గితే వరస రోజుల లెక్క తెగుతుంది.

ఐఫోన్‌కు చేస్తున్నవాళ్లకు టెస్ట్‌ఫ్లైట్ ఉంది: సొంత జట్టులో 100 మంది, బయటివాళ్లు 10,000 మంది దాకా, ఒక్కో బిల్డ్ 90 రోజులు పనిచేస్తుంది. మన టైలరు యాప్‌కు దానితో ఇప్పట్లో పని పడదు.

ఫోన్లను కూడా ఎంచుకోండి

మనుషుల్ని ఎంచుకునే పట్టికలో ఒక వరస ఫోనుకు కేటాయించండి. నిల్వ నిండిపోయి యాప్ ఎక్కని ఫోను, అక్షరాలు బాగా పెద్దవిగా పెట్టుకున్న ఫోను, బ్యాటరీ మిగల్చడానికి వెనక నడిచే యాప్‌లను తనంతట తానే ఆపేసే ఫోను. ఈ మూడోదాంట్లో మీ 'రేపు డెలివరీ' రిమైండరు మోగదు, తప్పు మీదేనని ఆమె అనుకుంటుంది.

తెలుగు తెరమీద ఇంకో పరీక్ష ఉంది. అక్షరాలు పెద్దవి చేస్తే ఒత్తులు కింద గీతకు తగిలి తెగిపోతాయి, 'వరలక్ష్మి' పేరులో కింది ఒత్తు మాయమవుతుంది. ఆఫీసులో పెద్ద తెరమీద ఇది కనబడదు. పేర్లు ఎక్కించేటప్పుడు సగంమంది ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, సగంమంది మైకు నొక్కి తెలుగులో చెబుతారు. ఇంగ్లిషులో ఎక్కించిన లక్ష్మి తెలుగులో వెతికితే దొరకదు. అక్షరాల విషయం చిన్నదనుకునేవాళ్లు 2018 ఫిబ్రవరిని గుర్తుచేసుకోవాలి. తెలుగు 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజీగా వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది, తెరిచిన ప్రతిసారీ మళ్లీ కూలేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అంతటి సంస్థ దగ్గర కూడా తెలుగు అక్షరంతో వచ్చే లోపం విడుదలయ్యాకే దొరికింది.

డబ్బు, మర్యాద, గోప్యత

ఆ ముప్పావు గంటలో ఆమె కుట్టగలిగే పని విలువకన్నా తక్కువ ఇవ్వకండి. డబ్బు ముందే ఇచ్చేయండి, కూర్చోగానే. చివర్లో ఇస్తామంటే చివరిదాకా మంచిమాటలే వస్తాయి. ఐదు నక్షత్రాల రేటింగుకు డబ్బు ముడిపెట్టడం ప్లే స్టోర్ నిబంధనలకు విరుద్ధం. టెస్టర్లు అక్కడ రాసే అభిప్రాయం ఎలాగూ మీకు మాత్రమే కనిపిస్తుంది, బయటి రేటింగులో కలవదు. ఆ సంగతి వాళ్లకూ చెప్పండి, కలం కాస్త పదునెక్కుతుంది.

కూర్చున్నాక మొదటి మాటలు ముఖ్యం. "మిమ్మల్ని పరీక్షించడానికి రాలేదు, యాప్‌ను పరీక్షిస్తున్నాం. మీకు తెలియలేదంటే తప్పు దానిది." చేస్తున్నప్పుడు మనసులో ఏమనుకుంటున్నారో పైకి అనమనండి. ఈ పద్ధతిని ఐబీఎంలో క్లేటన్ లూయిస్ 1982లోనే కంప్యూటర్ తెరలకు వాడాడు. తర్వాత మీరు నోరు మూసుకోవాలి, ఇదే అన్నిటికన్నా కష్టం. యాప్ చేసినది నేను కాదు, మా స్నేహితుడని అబద్ధం చెప్పమని కొందరు సలహా ఇస్తారు, అప్పుడు మొహమాటం పోతుందట. అబద్ధం ఎందుకు? నిజంగా యాప్ చేయని మనిషినే పంపండి. అలా పంపితే ఇంకో మేలు కూడా ఉంది, ఆమె తప్పు బటను నొక్కగానే చెయ్యి చాచి చూపించాలన్న దురద ఆ మనిషికి ఉండదు.

ఈ యాప్‌లో ఇతరుల కొలతలు, ఫోన్ నంబర్లు, ఫొటోలు ఉంటాయి. ఆ జాకెట్ల యజమానులు మీ టెస్టుకు ఒప్పుకోలేదు. కూర్చుని చూసేటప్పుడు ఉత్తుత్తి పేర్లతో నడపండి. 14 రోజుల వాడకంలో నిజమైన పేర్లు తప్పవనుకుంటే, ఎవరు ఏది చూడగలరో, ఎప్పుడు చెరిపేస్తారో ముందే ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి అడిగే విన్నపం తేలిక మాటల్లో ఉండాలని, ఇంగ్లిషులో గాని రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలో గాని చూసుకునే వీలుండాలని చెబుతోంది. 18 ఏళ్లలోపు పిల్లలు టెస్టర్లయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఆమె తెర రికార్డు చేస్తుంటే మధ్యలో వచ్చిన వాట్సాప్ మెసేజీ కూడా అందులో పడుతుందని గుర్తుంచుకుని, నోటిఫికేషన్లు ఆపాకే మొదలుపెట్టండి.

ఆ 14 రోజులు

చాలామంది టెస్టర్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. మొదటి రోజు ఒకరు "సూపర్ యాప్" అంటారు, మిగతావాళ్లు దండం బొమ్మలు పెడతారు, అంతటితో నిజం ముగుస్తుంది. గ్రూపులో మీ ప్రకటనలు మాత్రమే వెళ్లనివ్వండి. మాటలు విడివిడిగా. రాయమంటే రాయరు, వాయిస్ మెసేజీ పెట్టమంటే రెండు నిమిషాలు చెబుతారు, వెనక మిషను చప్పుడుతో సహా.

మూడో రోజున, ఎనిమిదో రోజున, ఆఖరున ఒక్కో ఫోను చేయండి. "ఎలా ఉంది" అని అడగొద్దు. "నిన్న ఎవరి బట్టలు తీసుకున్నారు? అది యాప్‌లో ఎక్కించారా, పుస్తకంలో రాశారా?" అని అడగండి. పుస్తకంలో రాశామంటే అక్కడ ఆగి, ఆ క్షణంలో చేతిలో ఏముంది, ఎదురుగా ఎవరున్నారు, ఫోను ఎక్కడుంది అని అడుగుతూ పొండి. చేతిలో కత్తెర, ఒళ్లో బట్ట, ఫోను చార్జింగులో. యాప్ తెరవడానికి ఆమెకు దొరికేది ఒక చెయ్యి, కొన్ని క్షణాలు. ఈ వాక్యం మీ డిజైనరు గోడమీద ఉండాలి.

మానేసినవాళ్లను జాబితాలోంచి కొట్టేయకండి. టెస్టులో పేరుండి యాప్ తెరవని ఆవిడే మీకు ఎక్కువ చెప్పగలదు, కానీ ఆమెకు మొహమాటం కూడా ఎక్కువే. "మీరు వాడలేదని ఫోను చేయలేదక్కా, ఏది అడ్డొచ్చిందో తెలిస్తే మిగతావాళ్లకు తీసేస్తాం" అంటే చెబుతుంది. ఒప్పుకున్న డబ్బు ఆమెకూ పూర్తిగా ఇవ్వాలి.

కొత్త మనుషులు పాత ఫిర్యాదులే చెబుతున్నారంటే ఆ విడతకు మనుషుల్ని వెతకడం ఆపేయొచ్చు. విడుదలకు ముందు ఇంకో పనుంది. ఈ 14 రోజుల్లో వాళ్లు ఎక్కించిన లెక్కలు కొత్త వెర్షన్‌లోకి వస్తాయో లేదో మీ ప్రోగ్రామర్‌తో తేల్చుకుని, ఆ మాట వాళ్లకు చెప్పండి. రావంటే, చెరిగిపోయే తేదీ వారం ముందే చెప్పి, బాకీల జాబితా వరకైనా కాగితం మీదకు దించి ఇవ్వండి. వాళ్లలో కొందరు అప్పటికే పుస్తకంలో రాయడం మానేసి ఉంటారు.